నీలం తొడుగులు

ఈ చెవిది నువ్వు పెట్టుకో, షమీం.
ఒరగడం గేటు దాటాం, ఇంక గంటన్నర బస్సు.
ఆ కిటికీ సరిగ్గా పడదు, గట్టిగా లాగు,
వాన లోపలికి కొడుతోంది.

ముందు ఈవిడని విను.
పేరు నాకు నోరు తిరగదు, బొంగురుపిన్ని అని పెట్టుకున్నా.
మా సూళ్ళూరుపేటలో తెల్లారుజామున చేపలమ్మే పెద్దమ్మకి
అరిచి అరిచి ఒరుసుకుపోయిన గొంతులో
ఉప్పులాంటిదేదో మిగిలేది, అదే ఇది.
మా అమ్మ పుట్టకముందు పాట.
నాణ్యత నేర్పడానికొచ్చిన తకెమురా మేడమ్
వెళ్తూ వెళ్తూ నాకిచ్చిన పెన్‌డ్రైవ్‌లో మొట్టమొదటిది.
ఓడరేవులో ఎవరికోసమో నిలబడ్డట్టే పాడుతుంది,
వాడొచ్చినా పలకరించదు.
ఆ రోషానికి అర్థం అడగక్కర్లేదు.

మిగతా అర్థం కొంచెం మేడమ్ చెప్పింది.
వాళ్ళ మాటలూ మనవాటిలాగే
చివరికొచ్చి ఏదో ఒక అచ్చు మీద వాలతాయి,
అందుకే చెవికి దూరపు చుట్టాల్లా ఉంటాయి.
అమె అంటే వాన.
నేను ఆమె అనుకుని ఏడాది విన్నాను,
పాటపాటకీ ఎవరో ఒకామె వచ్చి
అందర్నీ తడిపేసి పోతోందని.
నాకు అంటే ఏడవడం.
నాకు, నాకు అని ఇంతమంది అడుగుతున్నారే,
ఆ కావాల్సిందేదో ఇచ్చేస్తే పోదా అనుకునేదాన్ని.

ఇప్పుడు తొమ్మిదిమంది పిల్లలు.
కాస్త గోలగా ఉంటుంది, నవ్వకు.
ఫోనులో చూడు. ముందు వరసలో దాన్ని కాదు,
దాన్ని అందరూ చూస్తారు.
వెనక, ఎడమ చివర,
చెవి పక్కన జుట్టుకి పిన్ను పెట్టుకుందే, అది.
మా కుముదవల్లి పిల్ల అది.
పాట మొత్తంలో దానిదొక్క వాక్యం, నాలుగు సెకన్లు.
మన లైనులో ఒక మర బిగించడానికీ నాలుగే,
కుముద గడియారం పెట్టి మరీ చూసింది.
ఆ వాక్యం రాగానే పెదాలు కదిపేది,
తమిళపిల్ల, జపాను మాట, తెలుగుదాని ఫోను.

కిందటేడు ఆ పిల్ల బృందం మానేసింది.
మానేసింది అనరట అక్కడ,
పట్టా పుచ్చుకుంది అంటారట.
చివరి రోజు అంత పెద్ద మైదానం చీకటి చేసి
వచ్చిన జనమంతా ఆ పిల్ల రంగు, నీలం దీపాలే ఊపారు.
నాలుగు సెకన్ల పిల్లకి!

ఆ నెలలోనే కుముద కాంట్రాక్టు అయిపోయింది.
మూడేళ్ళు.
బ్యాడ్జీ ఇచ్చెయ్, బూట్లు ఇచ్చెయ్, లాకరు తాళం ఇచ్చెయ్.
గేటు దగ్గరతను సంతకం పెట్టించుకుని
తలెత్తకుండా నెక్స్ట్ అన్నాడు.

ఆ రాత్రి, ఇదే బస్సు, వండలూరు దగ్గర,
డ్రైవరు ధనకోటన్నని బతిమాలి లోపలి లైట్లు ఆర్పించాం.
ఫోను టార్చి వెలిగించి దాని మీద
పని తొడుగులు లాగాం, ఈ నీలం రబ్బరువే,
రోజూ చెత్తలో పారేసేవి.
ముప్పైఎనిమిది సీట్లలోంచి
వెలుగుతున్న నీలం చేతులు లేచి ఊగుతుంటే
జూ గోడ అవతల ఏ జంతువు చూసిందో,
ఏమనుకుందో.
కుముద కమ్మీ పట్టుకుని నిలబడింది.
పాటంతా నోరు విప్పలేదు.
తన నాలుగు సెకన్లు వచ్చినప్పుడే పాడింది.
శ్రుతి తప్పింది, బ్రేకు పడింది,
ముందేదో ఇప్పటికీ మాలో తగువే.

పెరుంగళత్తూరులో దిగుతూ, మత నే, అంది.
మళ్ళీ కలుద్దామని వాళ్ళ సెలవు మాట.
వాన హోరులో నాకు మాటనే అని వినపడింది.
సరే, మాటనే ఇచ్చి దిగిందిలే అనుకున్నా.
తిరువళ్ళూరులో బట్టల కొట్టులో ఉందట ఇప్పుడు,
ఆదివారం కూడా సెలవు లేదట.

నువ్వు కూర్చున్నది తన సీటే.
ఆ కిటికీ రబ్బరు పీకింది కూడా తనే,
గాలి కావాలని.
ఉండు, మాట్లాడకు,
వస్తోంది.